కీళ్ళ నొప్పుల పొట్లం, పేగులో పాత పురుగు: డెల్టా నుంచి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

రోగి గోదావరి డెల్టాలో వ్యవసాయ కూలీ. వయసు అరవైకి దగ్గర. పెళ్ళయిన నాటి నుంచి సార్వాకీ దాళ్వాకీ ఊడ్పులు, కలుపుతీతలు, కోతలు, మధ్యలో కొబ్బరితోటల్లో పని. నలభై ఏళ్ళుగా కాళ్ళకు చెప్పుల్లేకుండానే బురదలోకి, గట్ల మీదకి, తోటల్లోకి. ఈ కేసు రాయడానికి ఆమె, ఆమె కూతురు ఒప్పుకున్నారు. ఊరు రాయలేదు, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాం.

రెండేళ్ళ క్రితం మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాయి. వంగి నాటు వేసే పని చేసిన మోకాళ్ళు అరిగిపోవడంలో వింతేమీ లేదు. దగ్గరలో ఒకాయన పొట్లాలు కట్టి ఇచ్చారు. ఒక్కో పొట్లంలో రెండు చిన్న తెల్ల బిళ్ళలు, ఒక పసుపు బిళ్ళ, ఒక గొట్టం మాత్ర. స్ట్రిప్పులోంచి కత్తిరించి కాగితంలో చుట్టినవి, పేరు తెలిసే వీలే లేదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మొదటి వారంలోనే ఆమె మళ్ళీ ఊడ్పులకు వెళ్ళింది, ఆకలి పెరిగింది, ముఖం నిండుగా అయింది. ఆమె మాటల్లోనే: “పొట్లం ఏసుకుంటే లేచి తిరుగుతానండి బాబూ, మానేత్తే మంచం మీంచి లేవలేనండి.” స్టెరాయిడ్ గుణాన్ని ఏ పాఠ్యపుస్తకమూ ఇంతకంటే బాగా చెప్పలేదు. అలా పద్నాలుగు నెలలు వాడింది.

తర్వాత ఆ తెల్ల బిళ్ళలు 0.5 మి.గ్రా. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అని తేలింది. రోజుకు నాలుగు, అంటే 2 మి.గ్రా. ఇది చిన్న మోతాదులా కనిపిస్తుంది గానీ 0.75 మి.గ్రా. డెక్సా 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ అనే ఇంకో స్టెరాయిడ్‌కి సమానం. అంటే ఆమె రోజూ సుమారు 13 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ మింగినట్టు లెక్క. పైగా డెక్సా ప్రభావం ఒంట్లో ఒకటిన్నర రోజు దాటి ఉంటుంది. రెండు పూటలా వేసుకుంటే, కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథికి ఊపిరి తీసుకునే ఖాళీ ఉండదు.

2020లో కోవిడ్‌లో ఆక్సిజన్ మీద ఉన్నవారికి రోజుకు 6 మి.గ్రా. చొప్పున పది రోజులు ఇస్తే మరణాలు తగ్గాయని రుజువయ్యాక, డెక్సా పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది. మంచి మందు. 1950లో దీని కుటుంబంలోదే అయిన కార్టిసోన్ పరిశోధకులకు నోబెల్ ఊరికే ఇవ్వలేదు. ఎవరు, ఎంత, ఎన్నాళ్ళు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా వాడితే వచ్చే చిక్కే ఇక్కడ వచ్చింది.

మా దగ్గరకు రాకముందు

అయిదు వారాలుగా అన్నం తినగానే కడుపు పైభాగంలో నొప్పి, ఉబ్బరం, వాంతులు, రోజుకు నాలుగైదు విరేచనాలు. 53 కిలోల మనిషి 46కి దిగింది. గ్యాస్ మందులు వాడారు. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదలు ఎర్రబారి వాచి ఉందని రాశారు, ముక్క తీసి పరీక్షకు పంపలేదు. అల్ట్రాసౌండులో ఏమీ లేదు. షుగరు 286 అని తేలితే మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టారు. మెట్‌ఫార్మిన్ కూడా విరేచనాలు పెడుతుంది కాబట్టి అసలు కారణం మీద ఇంకో పొర దుమ్ము పడింది.

మూడో వారంలో దగ్గు, పిల్లికూతలు మొదలయ్యాయి. అంతకు ముందెన్నడూ ఉబ్బసం లేదు. అయినా ఉబ్బసమనే అనుకుని రెండు రోజులు డెక్సా సూదులు వేశారు. రెండు రోజులు హాయిగా ఉంది, ఆ తర్వాత వాంతులు రెట్టింపయ్యాయి. డెల్టాలో పొలం పని చేసే మనిషికి యాభై దాటాక కొత్తగా ‘ఉబ్బసం’ వచ్చి, స్టెరాయిడ్ ఇస్తే రెండు రోజులు తగ్గి ఆపైన ఒళ్ళంతా పాడైతే, అక్కడే ఆగి ఆలోచించాలి. అప్పుడు ఎవరూ ఆగలేదు. రెండు వారాల తర్వాత ఆమె మా దగ్గరకు వచ్చినా మేమూ ఆగలేదు, ఆ సంగతి కింద వస్తుంది.

వాంతులు ఎక్కువయ్యేసరికి పొట్లాలు కడుపులో నిలవడం మానేశాయి. “ఇవే పడట్లేదేమో” అని కూతురు వాటిని పూర్తిగా ఆపించింది. ఆరో రోజున స్పృహ మగతగా ఉంటే ఆస్పత్రికి తెచ్చారు.

మొదటిసారి చేరినప్పుడు

బీపీ 86/54, నాడి 112, జ్వరం 101.4. తెల్లకణాలు 16,800, అందులో బ్యాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్స్ 91 శాతం, పురుగులున్నప్పుడు పెరిగే ఇసినోఫిల్స్ సున్నా. సోడియం 126, పొటాషియం 4.6, షుగరు 312. ముఖం గుండ్రంగా, మెడ వెనక కొవ్వు, ముంజేతుల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి ఊదారంగు మచ్చలు. కాళ్ళూ చేతులూ మాత్రం పుల్లల్లా ఉన్నాయి.

రక్తం ఇన్ఫెక్షనుతో వచ్చిన షాక్ అని యాంటీబయోటిక్, సెలైన్ మొదలుపెట్టాం. లీటరున్నర ఎక్కాక కూడా పై బీపీ 90 దాటలేదు, బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ మొదలైంది. ఇక్కడ ముఖం, చర్మం ఒక మాట చెబుతున్నాయి: ఈ మనిషి చాలాకాలం స్టెరాయిడ్ తిన్నది. స్టెరాయిడ్ తిన్న మనిషి దాన్ని హఠాత్తుగా ఆపితే అడ్రినల్ గ్రంథి సొంతంగా కార్టిసాల్ చేయలేదు. పొటాషియం మామూలుగా ఉంది కదా, అడ్రినల్ లోపమైతే పెరగాలి కదా అన్న సందేహం ఒకటి వచ్చింది. గ్రంథే దెబ్బతిన్నప్పుడు పొటాషియాన్ని బయటికి పంపే ఆల్డోస్టిరాన్ హార్మోన్ కూడా తగ్గి పొటాషియం పెరుగుతుంది. బయటి స్టెరాయిడ్ వల్ల పడుకున్నది పైన మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ మాత్రమే, ఆల్డోస్టిరాన్ దారి బాగానే ఉంటుంది. కాబట్టి మామూలు పొటాషియం ఈ రోగనిర్ధారణను కొట్టెయ్యదు.

కార్టిసాల్‌కు రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండా, కార్టిసాల్‌కే మందు రూపమైన హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. నరంలోకి, తర్వాత ఆరు గంటలకోసారి 50 ఇచ్చాం. నాలుగు గంటల్లో బీపీ 110కి వచ్చింది. కార్టిసాల్ 1.4 అని వచ్చింది, డెసిలీటరుకు మైక్రోగ్రాముల్లో. షాక్‌లో ఉన్న మనిషికి ఇది దాదాపు లేనట్టే. డెక్సా ఈ పరీక్షలో కార్టిసాల్‌గా కనిపించదు కాబట్టి అంకెను నమ్మవచ్చు. ప్రెడ్నిసొలోన్ వాడే వారిలో అయితే అది పరీక్షను తప్పుదోవ పట్టించి కార్టిసాల్ ఉన్నట్టే చూపించగలదు.

“స్టెరాయిడ్ వాడారా?” అని అడిగితే ఇంట్లో వాళ్ళు లేదన్నారు. అబద్ధం కాదు. వాళ్ళకు తెలిసింది నొప్పి బిళ్ళలు. “ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ కాగితాలతో సహా సంచిలో వేసి తెండి” అంటే సాయంత్రానికి పొట్లాలు వచ్చాయి. ఆ సంచిలోనే ‘ఇమ్యూనిటీ’ పెంచుతుందని కొన్న ప్రోటీన్ పొడి డబ్బా, ఒక సిరప్పు సీసా కూడా ఉన్నాయి. ఒక చేత్తో రోగనిరోధక శక్తి అణిచే మందు, ఇంకో చేత్తో దాన్ని పెంచే పొడి, రెండూ ఆమె కూలి డబ్బులతోనే.

మేం తప్పిన చోటు

రక్తం కల్చర్‌లో ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా పెరిగింది. మూత్రం కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఈ.కోలై రక్తంలోకి ఎక్కడి నుంచి వచ్చినట్టు? మామూలుగా మూత్రనాళం నుంచో, పిత్తాశయం నుంచో. రెండూ శుభ్రంగా ఉన్నాయి. “మూత్రం పట్టకముందే యాంటీబయోటిక్ పడింది కదా, అందుకే పెరగలేదు” అని సర్దుకున్నాం. అడ్రినల్ సంక్షోభం అన్న మంచి సమాధానం ఒకటి దొరికేసరికి మిగిలిన ప్రశ్నలకూ అదే సమాధానమనుకున్నాం. వాంతులు, కడుపునొప్పి అడ్రినల్ లోపంలోనూ ఉంటాయి, కానీ అవి పొట్లాలు ఆపకముందే, నాలుగు వారాల ముందే మొదలయ్యాయి. ఆ క్రమాన్ని కాగితం మీద వరసగా రాసుకుని ఉంటే అప్పుడే కనిపించేది.

ఇంకో తప్పు ఇసినోఫిల్స్‌ది. సున్నా ఉన్నాయి కాబట్టి పురుగులు ఉండవని అనుకున్నాం. స్టెరాయిడ్ ఇసినోఫిల్స్‌ను రక్తంలోంచి తుడిచేస్తుంది. అదీగాక, తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షను ఉన్నప్పుడు స్టెరాయిడ్ లేకపోయినా అవి పడిపోతాయి. నలభై ఏళ్ళు మట్టిలో తిరిగిన మనిషిలో సున్నా ఉంటే పురుగుల్లేవని కాదు, కాపలావాళ్ళు లేరని అర్థం.

అయిదు రోజులు హైడ్రోకార్టిసోన్ రోజుకు 200 మి.గ్రా., అంటే 50 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌తో సమానం. బీపీ కోసం అది తప్పదు. ఏడో రోజున ప్రెడ్నిసొలోన్ 10 మి.గ్రా., ఇన్సులిన్, యాంటీబయోటిక్ బిళ్ళలతో ఇంటికి పంపాం. తొమ్మిదో రోజున తిరిగి వచ్చింది.

రెండోసారి

జ్వరం, ఉబ్బిన కడుపు, పేగుల చప్పుడు తక్కువ, కళ్లెలో నెత్తురు చారలు, ఎక్స్‌రేలో రెండు వైపులా మబ్బు మచ్చలు, తలనొప్పి. బొడ్డు చుట్టూ, తొడల మీదకి బొటనవేలు ముద్రల్లాంటి ఊదా మచ్చలు. రక్తంలో ఈసారి క్లెబ్సియెల్లా.

నెల తిరక్కుండా రక్తంలో రెండు వేర్వేరు పేగు బ్యాక్టీరియాలు. పేగు గోడకు చిల్లులు పడుతున్నాయి, వాటిని పొడుస్తున్నదేదో ఉంది.

అయినా ముందు చూడాల్సినవి చూశాం. స్టెరాయిడ్ మీద, షుగరుతో, కళ్లెలో నెత్తురుతో వచ్చిన మనిషికి ఇక్కడ మొదటి అనుమానం క్షయ. క్షయ క్రిమి జన్యువును వెతికే పరీక్షలో లేదని వచ్చింది. వరి పొలాల్లో పనిచేసే షుగరు రోగికి, మట్టిలోని బ్యాక్టీరియాతో వచ్చే మెలియాయిడోసిస్ కూడా గుర్తుంచుకోవాలి. ల్యాబ్‌లో దాన్ని మామూలు సూడోమోనాస్ అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది కాబట్టి కల్చర్ పంపేటప్పుడే కాగితం మీద ఆ పేరు రాయాలి. హెచ్‌ఐవీ లేదు. తలనొప్పి ఉంది కాబట్టి వెన్నునీరు తీశాం, శుభ్రంగా ఉంది.

కళ్లెను రంగు వేయకుండా గాజుపలక మీద చుక్క సెలైన్‌లో పెట్టి చూడమని అడిగాం. ల్యాబ్ టెక్నీషియన్ పిలిచి చూపించారు: పాముల్లా మెలికలు తిరిగే పిల్లపురుగులు. మలంలోనూ అవే. స్ట్రాంజిలాయిడిస్ స్టెర్కొరాలిస్.

ఈ పురుగు సంగతి

తడి మట్టిలో ఉన్న పిల్లపురుగు పాదం చర్మం గుండా ఒంట్లోకి దూరుతుంది, ఊపిరితిత్తుల గుండా గొంతులోకి వచ్చి మింగుడుపడి చిన్నపేగు మొదట్లో స్థిరపడుతుంది. అక్కడ ఆడపురుగు గుడ్లు పెడుతుంది, అవి పేగులోనే పొదిగి పిల్లలు మలంతో బయటికి వస్తాయి. ఇంతవరకు కొంకిపురుగుకు అన్నదమ్ములాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, కొన్ని పిల్లలు బయటికి రాకుండా పేగులోనే ముదిరి, పేగు గోడనో మలద్వారం దగ్గర చర్మాన్నో తొలుచుకుని మళ్ళీ అదే మనిషిలోకి వెళ్తాయి. కొత్త మట్టి తాకకపోయినా తరాలు సాగుతూనే ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధంలో థాయ్‌లాండ్ - బర్మా రైలుమార్గంలో ఖైదీలుగా పనిచేసిన బ్రిటిష్ సైనికుల్లో ఈ పురుగు దశాబ్దాల తర్వాత కూడా దొరికింది.

ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రోగనిరోధక వ్యవస్థ దీన్ని చంపలేకపోయినా కట్టడి చేస్తుంది. తెల్లకణాల్లోని టీ కణాల్లో ఒక రకం ఇసినోఫిల్స్‌ను పిలుస్తుంది, పేగులో జిగురు పెరుగుతుంది, ప్రతిదేహాలు (యాంటీబాడీలు) తిరిగి లోపలికి దూరే పిల్లల్ని పట్టుకుంటాయి. ఇది ఒప్పందం లాంటిది: పది పురుగులు ఉండనీ, పదివేలు కానివ్వను. స్టెరాయిడ్ సరిగ్గా ఈ చేతినే కట్టేస్తుంది. అప్పుడు పిల్లపురుగులు గుంపులుగా పేగు తొలుచుకుని వెళ్తూ ఒంటినిండా పేగు బ్యాక్టీరియాను మోసుకుపోతాయి. ఈ.కోలై, క్లెబ్సియెల్లా రక్తంలోకి వచ్చిన దారి అదే. ఊపిరితిత్తుల్లోంచి పోయే గుంపు ఉబ్బసంలా కూతలు పెట్టించింది, దానికి డెక్సా సూది వేస్తే ఆ గుంపుకు ఇంకో రెండు తలుపులు తెరిచినట్టయింది.

పాఠశాలల్లో పంచే ఆల్బెండజోల్ అనే పురుగుల బిళ్ళనే ఆమె బోదకాలు నివారణ మందుల పంపిణీలో మింగింది. ఒక్క మోతాదు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఏలిక పాములకు బాగా పనిచేస్తుంది, స్ట్రాంజిలాయిడిస్‌ను మాత్రం వదిలించదు. “మా ఇంట్లో అందరం పురుగుల మందు వేసుకున్నామండి” అన్న మాట విని దీన్ని కొట్టెయ్యకూడదు.

ఏం చేశాం, ఎందుకు

ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు, కిలోకు 200 మైక్రోగ్రాములు. 46 కిలోలకు 9.2 మి.గ్రా., అంటే 6 మి.గ్రా. బిళ్ళ ఒకటిన్నర. మామూలు ఇన్ఫెక్షనుకైతే ఒకటి రెండు రోజులు చాలు. ఇలా ఒళ్ళంతా పాకినప్పుడు మలం, కళ్లె శుభ్రమయ్యాక కూడా మరో రెండు వారాలు రోజూ ఇవ్వాలి, ఎందుకంటే పేగులో మళ్ళీ ముదిరే చక్రం పూర్తి కావడానికి అంతకాలం పడుతుంది.

మొదటి చిక్కు, కడుపు ఉబ్బి పేగు కదలడం లేదు. బిళ్ళ లోపలికి పోయినా రక్తంలోకి ఎక్కుతుందా? ముక్కు గొట్టం వేసి కడుపు ఖాళీ చేసి, నూరిన బిళ్ళను నీళ్ళలో కలిపి గొట్టంలో పోసి, రెండు గంటలు గొట్టం మూసి ఉంచాం. పేగు పూర్తిగా ఆగిపోయిన రోగుల్లో పశువుల ఐవర్‌మెక్టిన్ సూదిని చర్మం కింద ఇచ్చిన ఉదాహరణలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అంతదాకా పోకూడదనే కోరుకున్నాం, మూడో రోజుకు పేగు కదిలింది. తోడుగా ఏడు రోజులు ఆల్బెండజోల్ రెండు పూటలా ఇచ్చాం. ఈ జోడింపుకు గట్టి ఆధారం లేదు, ఐవర్‌మెక్టిన్ సరిగా ఎక్కకపోతే అన్న భయంతో ఇచ్చినది. క్లెబ్సియెల్లాకు మెరోపెనెం అనే యాంటీబయోటిక్ పద్నాలుగు రోజులు.

అసలు కష్టమైన నిర్ణయం స్టెరాయిడ్‌ది. పురుగుకు మేత వేస్తున్నది స్టెరాయిడే. ఆపేస్తే బీపీ గంటల్లో పడిపోయి మనిషి పోతుంది. పురుగు చంపడానికి రోజులు పడుతుంది, అడ్రినల్ లోపం చంపడానికి గంటలు చాలు. కాబట్టి ఆపలేదు. అవసరమైన కనీసానికి వేగంగా దించాం: తొలి 48 గంటలు ఆరు గంటలకోసారి 50 మి.గ్రా., ఆపై రెండు రోజులు రోజుకు 100, తర్వాత 50, తొమ్మిదో రోజుకు నోటి ద్వారా 20 మి.గ్రా. ఆరోగ్యవంతుడి ఒళ్ళు రోజూ చేసుకునే కార్టిసాల్ దాదాపు ఇంతే. ప్రెడ్నిసొలోన్ 10 మి.గ్రా. అంటే హైడ్రోకార్టిసోన్ 40, అవసరానికి రెట్టింపు. మొదటిసారి ఇంటికి పంపినప్పుడు ఆ లెక్క మేం వేసుకోలేదు.

ఆమె మలం, కళ్లె ముట్టే సిబ్బందికి గ్లౌజులు, ఏప్రన్. దుప్పట్లు విడిగా. ఆ దశలో మలంలో ఉన్నవి నేరుగా చర్మంలోకి దూరగల పిల్లలు.

కళ్లె ఆరో రోజుకు శుభ్రమైంది, మలం పదకొండో రోజుకు. మొత్తం ఇరవై అయిదు రోజులు ఐవర్‌మెక్టిన్ ఇచ్చాం, చివరి వారం ఇంటి దగ్గర. ఆశా కార్యకర్త రోజూ వచ్చి తన ముందే మింగించింది.

ల్యాబ్‌లకు ఒక పద్ధతి

మలం ఒక్కసారి చూస్తే ఈ పురుగు చాలాసార్లు తప్పిపోతుంది, ఎందుకంటే మామూలు రోజుల్లో బయటికి వచ్చే పిల్లలు కొన్నే. ఖరీదైన సామాను లేకుండా చేయగల బేర్మన్ పద్ధతి చిన్న ల్యాబ్‌లోనూ సాధ్యం. గాజు గరాటుకు కింద రబ్బరు గొట్టం తొడిగి క్లిప్పు పెట్టాలి. గోరువెచ్చని నీళ్ళు నింపాలి. సుమారు 10 గ్రాముల తాజా మలాన్ని నాలుగు మడతల గాజుగుడ్డలో మూటగట్టి నీళ్ళకు తాకేలా గరాటులో ఉంచాలి. వెచ్చదనానికి పిల్లలు బయటికి ఈది, పైకి ఈదలేక అడుగుకు జారతాయి. రెండు గంటల తర్వాత క్లిప్పు వదిలి కింది నీళ్ళు పట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగు చుక్క చూడాలి. మలాన్ని ఫ్రిజ్‌లో పెడితే పిల్లలు చచ్చి పద్ధతి పనిచేయదు. అలాగని ఎండలో రోజంతా ఉంచినా చిక్కే: కొంకిపురుగు గుడ్లు పొదిగి పిల్లలవుతాయి, దాన్నే స్ట్రాంజిలాయిడిస్ అనుకుంటారు. నోటి గొట్టం పొట్టిగా ఉంటే స్ట్రాంజిలాయిడిస్, పొడుగ్గా ఉంటే కొంకిపురుగు. రెండు మూడు వేర్వేరు రోజుల నమూనాలు చూడాలి.

ఇంటికి వెళ్ళాక విఫలమైనది

హైడ్రోకార్టిసోన్ 20 మి.గ్రా.ను (పొద్దున 10, మధ్యాహ్నం 5, సాయంత్రం 5) రెండు వారాలకు 5 చొప్పున తగ్గించమన్నాం. పుస్తకం ప్రకారం అది తొందర కాదు. ఆమె ఒంటికి తొందరే అయింది. అయిదో వారానికి ఒళ్ళంతా నొప్పులు, నీరసం, మోకాళ్ళు మళ్ళీ మొదటికి. ఇది స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు వచ్చే మామూలు ఉపసంహరణ బాధ. ఆమెకు తెలిసింది మాత్రం, పొట్లం వేసుకుంటే పోయే బాధ.

ఆమె మళ్ళీ పొట్లం వేసుకుంటోందని ఓపీకి వచ్చిన రోజు రక్తపరీక్ష మాకు చెప్పింది. చికిత్స తర్వాత 9 శాతానికి పెరిగిన ఇసినోఫిల్స్ మళ్ళీ సున్నా. భోజనం తర్వాత షుగరు 290, పరగడుపున మాత్రం 118. స్టెరాయిడ్ షుగరు ఇలాగే ఉంటుంది, పొద్దున మర్యాదగా ఉండి మధ్యాహ్నం నుంచి ఎగబాకుతుంది. తిట్టకుండా అడిగితే కూతురే పప్పుల డబ్బాలోంచి నాలుగు ఖాళీ పొట్లాల కాగితాలు తెచ్చింది. ఆ రోజే ఐవర్‌మెక్టిన్ ఇంకో రెండు రోజులకు ఇచ్చాం. మలంలో పురుగు కనిపించలేదు, కానీ కనిపించేదాకా ఆగే కేసు కాదిది.

అప్పుడు అర్థమైంది: మోకాళ్ళకు ఏమీ చేయకుండా పొట్లం మానమనడం సగం వైద్యమే. పారాసిటమాల్ 650 మూడు పూటలా, డైక్లోఫెనాక్ జెల్, తొడ కండరాల వ్యాయామం (కాలు చాచి మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి అయిదు లెక్కపెట్టేదాకా నొక్కిపట్టడం, ఒక్కో కాలుకు పదిహేనుసార్లు, రోజుకు రెండు విడతలు), వంట నేల మీద కాకుండా గట్టు మీద, కూర్చోడానికి ఎత్తు పీట, బాత్రూంలో కమోడ్ కుర్చీ. ఊడ్పులు పూర్తిగా మాన్పించాం. తోటలో కూర్చుని చేసే పనికి ఒప్పుకుంది. పైసల నష్టం నిజం. అది దాచి సలహా ఇస్తే ఆ సలహా నిలవదు.

స్టెరాయిడ్‌ను మళ్ళీ 20 దగ్గర మొదలుపెట్టి నెలకు 2.5 మి.గ్రా. చొప్పున దించాం. 5 మి.గ్రా. బిళ్ళ సగం విరుచుకోవడం నేర్పించాం. ఊళ్ళో మందుల షాపులో హైడ్రోకార్టిసోన్ దొరకదు కాబట్టి నెలకు సరిపడా ముందే. కూతురి ఫోన్ కవరులో, ఆమె ఆధార్ కార్డు వెనక తెలుగులో ఒక చీటీ: “ఈమెకు స్టెరాయిడ్ ఆపకూడదు. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు. వాంతులైతే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. కండకు సూది, తర్వాత ఆస్పత్రి.” ఎనిమిదో నెలలో జ్వరం వస్తే 108 సిబ్బంది ఆ చీటీ చూసే సూది వేశారు.

పొద్దున ఎనిమిదింటికి, ముందురోజు పొద్దుటి మోతాదు తర్వాత ఇరవై నాలుగు గంటలు ఆపి, కార్టిసాల్: మూడో నెలలో 4.2, ఆరో నెలలో 6.8, తొమ్మిదో నెలలో 11.6. పది దాటాక మానేశాం. షుగరుకు పొద్దున వేసే ఇన్సులిన్ మూడో నెలలో ఆపగలిగాం. మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ) 8.9 శాతం నుంచి 6.6కు వచ్చింది, ఇప్పుడు మెట్‌ఫార్మిన్ చాలు. షుగరు అదుపులో లేనప్పుడు న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియాను మింగే పని మందగిస్తుంది, కాబట్టి దీన్ని పక్క విషయం అనుకోలేం.

టీకాల విషయం: పెద్ద మోతాదు స్టెరాయిడ్ మీద ఉండగా ప్రాణమున్న సూక్ష్మజీవుల టీకాలు వేయకూడదు. ఫ్లూ, న్యుమోకోకల్, ధనుర్వాతం ప్రమాదం లేదు, మోతాదు తగ్గాక వేస్తే ఒళ్ళు బాగా స్పందిస్తుంది. అందుకే అయిదో నెలదాకా ఆగాం. తిండికి రోజుకో గుడ్డు, పప్పు, దొరికిన రోజు కాలువ చేపలు. ప్రోటీన్ పొడి డబ్బా డబ్బుతో నెలంతా గుడ్లు వస్తాయని కూతురే లెక్క వేసింది.

ఇంట్లో మిగిలినవాళ్ళు

భర్తదీ అదే మట్టి. ఆయన తెల్లకణాలు 7,900, అందులో ఇసినోఫిల్స్ 14 శాతం, అంటే 1,100. నడుం మీద అప్పుడప్పుడు దద్దుర్లు వస్తాయన్నారు. మూడో నమూనాలో బేర్మన్ పద్ధతిలో పిల్లపురుగులు దొరికాయి. రెండు రోజుల ఐవర్‌మెక్టిన్‌తో ఆరు నెలల్లో ఇసినోఫిల్స్ 4 శాతానికి వచ్చాయి. ఆయన కూడా నడుంనొప్పికి అదే చోట పొట్లాలు కట్టించుకోవాలని అనుకుంటున్నారట.

బూట్లు వేసుకోమని చెప్పడం తేలిక. ఊడ్పు మడిలో గంబూటు వేస్తే బురద పీల్చి కాలు ఊడి రాదు, ఎవరూ వేసుకోరు. వినేది చెప్పాం: మడిలోకి వెళ్ళేదాకా, వచ్చాక చెప్పులు, కాలువ గట్టు మీదా, తోట నీడలోని చెమ్మ నేల మీదా వట్టి కాళ్ళతో తిరగొద్దు, మలం కలిసే అవకాశం ఎక్కువ ఉన్నవి అవే, పొలంలో ఉన్నా మరుగుదొడ్డి ఉన్న ఇంటికే రావాలి.

మా దగ్గర మారినవి

పొలం పని చేసిన వారికి రెండు వారాలకు మించి ప్రెడ్నిసొలోన్ 20 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువ మొదలుపెట్టాల్సి వస్తే, ఆస్తమాకైనా, కిడ్నీకైనా, కీళ్ళకైనా, మలం మూడు నమూనాలు పంపుతాం. ఆగే వ్యవధి లేకపోతే, గర్భిణి కాకపోతే, ఐవర్‌మెక్టిన్ రెండు రోజులు ముందే ఇచ్చేస్తాం. రక్తంలో పేగు బ్యాక్టీరియా వచ్చి మూలం దొరకని ప్రతి కేసులో కళ్లె, మలం తడి చుక్క తప్పనిసరి. ఆస్పత్రిలో చేర్చుకునే ఫారంలో “స్టెరాయిడ్లు వాడుతున్నారా?” అన్న గడి కొట్టేసి, “నొప్పులకు, ఉబ్బసానికి, ఒళ్ళు రావడానికి వేసుకునే బిళ్ళలు, పొట్లాలు, పొడులు అన్నీ తెచ్చి చూపించండి” అని రాయించాం.

పన్నెండో నెలలో ఆమె మూడు మలం నమూనాలు శుభ్రంగా ఉన్నాయి, బరువు 51 కిలోలు, ఇసినోఫిల్స్ 3 శాతం. తర్వాతి పరీక్ష దాళ్వా కోతలయ్యాక, ఏడాదికోసారి, భర్తతో కలిపి.